లోపలా వెలుపలా

మందసానికి లోపలివైపు కూడా బంగారం ఎందుకు పొదిగించాడు దేవుడు? నిర్గమకాండం 25వ అధ్యాయంలో కొలతలన్నీ ఉన్నాయి. రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, మూరన్నర ఎత్తు. తుమ్మకర్ర. దానికి మేలిమి బంగారం, లోపలా వెలుపలా. వెలుపలి బంగారం సంగతి అర్థమవుతుంది. కానీ ఆ పెట్టె ఉండేది ప్రత్యక్షపు గుడారంలోని అతిపరిశుద్ధ స్థలంలో, అడ్డతెర వెనక. ప్రధాన యాజకుడు తప్ప ఎవరూ అక్కడికి వెళ్ళరు, ఆయనా ఏడాదికి ఒక్క రోజే. ఆ రోజు కూడా మూత తీసి చూసే పని లేదు. మరి ఆ లోపలి పూత ఎవరికోసం?

సండే స్కూల్లో ఈ పాఠం వచ్చినప్పుడల్లా పిల్లల్ని అడుగుతుంటాను. "దేవుడికోసం టీచర్" అంటారు. తప్పు కాదు. కానీ అదే దేవుడు సమూయేలు మొదటి గ్రంథం 16వ అధ్యాయంలో, మనుషులు పైరూపం చూస్తారు, నేను హృదయం చూస్తాను అని ప్రవక్తకు తెలియజెప్పాడు. పైరూపం అక్కర్లేనివాడు పూతల గురించీ, తెరల రంగుల గురించీ, చెక్క పలకల గురించీ అధ్యాయాలకు అధ్యాయాలు ఎందుకు రాయించాడు? ఇంకో విశేషం చూడండి. పైరూపం లెక్కలోది కాదని చెప్పిన ఆ అధ్యాయమే, కొన్ని వచనాల తర్వాత, దావీదు ఎర్రనివాడనీ చక్కని కళ్ళవాడనీ చెప్పకుండా ఉండలేకపోయింది.

ఈ ప్రశ్న నన్ను గట్టిగా పట్టుకున్న చోటు మా మేడ మీది రేకుల షెడ్డు. అక్కడ నేను ఒక ఎలక్ట్రిక్ గిటార్ బాడీకి నీలం రంగు వేశాను.

మాది కాకినాడ. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను, ఆదివారం చర్చిలో గిటార్ వాయిస్తాను. మా వైపు ఎలక్ట్రిక్ గిటార్ చూడాలంటే ముందు చర్చిలోనే వెతకాలి. మా యూత్‌లో ఒక అబ్బాయి బాగా వాయిస్తాడు, కానీ సొంత గిటార్ లేదు. అతనికోసం మొదలుపెట్టాను ఈ పని. చర్చికి టైల్స్ వేసి ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చినప్పుడు పాత టేకు బెంచీలు వెనక వరండాలో చేరాయి. సంఘపెద్దల్ని అడిగితే ఒక బెంచీ ఇచ్చారు. దాని పలకల్ని పక్కపక్కన జోడించి, రెండు వరసలు ఒకదాని మీద ఒకటి అతికించి, అంగుళం ముప్పావు మందం వచ్చేదాకా చిత్రిక పట్టించాను. ఆకారం టెలికాస్టర్‌ది. 1950లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో లియో ఫెండర్ బజారులోకి తెచ్చిన గిటార్ అది. చదునుగా, వంకరలు తక్కువగా ఉంటుంది కాబట్టి మన వడ్రంగి చేతికి లొంగుతుంది.

ఇందులో ఒక విషయం ముందే చెప్పాలి, లేకపోతే ప్రశ్న బలం తెలియదు. ఎలక్ట్రిక్ గిటార్‌లో శబ్దం పుట్టేది చెక్క డొల్లలో కాదు. అయస్కాంతం చుట్టూ సన్నని రాగితీగ చుట్టిన పికప్ మీద ఉక్కు తీగ కంపిస్తుంది, ఆ కంపనానికి రాగితీగలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే, నేను పిల్లలకు చెప్పే పాఠమే. (ఆ ఫారడే లండన్‌లో ఒక చిన్న సంఘానికి పెద్దగా కూడా ఉన్నాడు. ఈ సంగతి చెప్పకుండా నేను ఆ పాఠం ముగించను.) కాబట్టి ఆ బాడీ మీద మనం వేసే రంగుకీ పాటకీ సంబంధం లేదనే అనుకోవచ్చు. ఉందని వాదించేవాళ్ళున్నారు గానీ నా చెవికి ఎప్పుడూ తేడా తెలియలేదు. చెమట నుంచీ తేమ నుంచీ చెక్కను కాపాడటానికి ఒక పలచని పూత చాలు. తక్కిన శ్రమంతా కంటికోసం, చేతికోసం. అంటే ఆ శ్రమంతా పైరూపానికే.

మా పాస్టరు అయ్యగారు ఒకసారి ఇంటికి వచ్చి, నీలం అంటిన నా వేళ్ళు చూసి, "దేవుడికి కావలసింది పాట కదా టీచరమ్మా, పెట్టె రంగుతో ఆయనకేం పని?" అన్నారు. ఆయన తేలిగ్గా మాట్లాడే మనిషి కాదు. ఆ మాటకు అప్పుడే జవాబివ్వాలనిపించలేదు.

మా వీధి చివర బీరువాలకీ కార్లకీ డ్యూకో కొట్టే మేస్త్రి గారిది వేరే అభ్యంతరం. "టేకు మీద రంగేంటండీ టీచర్ గారూ, పాలిష్ కొట్టుకోక?" అన్నారు. బెంచీ నిండా మేకుల చిల్లులు, పాత అతుకులు, లప్పం పెట్టిన మచ్చలు ఉన్నాయని చూపిస్తే ఒప్పుకున్నారు. ఆయన షాపు బోర్డు మీద ఉన్న డ్యూకో 1920లలో డ్యుపాంట్ కంపెనీ కార్లకోసం తయారుచేసిన రంగు. జనరల్ మోటార్స్ వాళ్ళ 1924 మోడల్ ఓక్లాండ్ కార్లతో బజారులోకి వచ్చింది. అంతకుముందు వార్నిష్ పూతలు ఆరడానికి వారాలు పట్టేవి, ఇది గంటల్లో ఆరింది. 1950లలో ఫెండర్ కూడా తన గిటార్లకు ఈ కార్ల రంగులే కొట్టించాడు. కాబట్టి నా గిటార్ బాడీ పని కాకినాడలో ఒక డ్యూకో మేస్త్రి సలహా మీద నడిచిందంటే అది పరాయి చోటికి పోయినట్టేమీ కాదు.

పని క్రమం చెప్పడానికి తేలికే. 180 నంబరు ఎమరీ పేపరుతో మొదలుపెట్టి 220, 320 దాకా రుద్దాలి. టేకులో కంటికి ఆనేంత రంధ్రాలుంటాయి, వాటిని లప్పంతో పూడ్చాలి. సీలర్ కొట్టాలి, మళ్ళీ రుద్దాలి. చెక్కను అడ్డంగా కోసిన అంచులు సీలర్ తాగుతూనే ఉంటాయి, అక్కడ ఇంకా పట్టించాలి. ఆ తర్వాత రంగు, దాని మీద క్లియర్, ఆరాక వాటర్ పేపరుతో 800 నుంచి 2000 దాకా తడి రుద్దుడు, చివర రబ్బింగ్ కాంపౌండ్. ఇంతే.

రంగు మొదటి కోటు కొట్టి నేను ఇంకా స్ప్రే గన్ కింద పెట్టలేదు. తడిగా మెరుస్తున్న నీలంలో ఒక చోట చిన్న గుండ్రటి గుంట విచ్చుకుంది. రంగు దాని మధ్య నుంచి పక్కకు తప్పుకుంటోంది, అడుగున సీలర్ కనిపిస్తోంది. చూస్తుండగానే దాని పక్కన ఇంకొకటి, దాని కింద ఇంకొకటి. బాడీ అంతటా కాదు, పైభాగంలో ఒక అడ్డపట్టీలో మాత్రమే. మేస్త్రి గారికి ఫోన్‌లో ఫొటో పంపితే వెంటనే చెప్పారు: "చెక్కలో నూనుందండి. రంగు నూని మీద నిలవదండి." టేకుకు సహజంగానే నూనె ఉంటుంది, అందుకే ముందే థిన్నర్‌తో తుడిచాను. కానీ ఈ పట్టీ ఆకారం టేకు నూనెది కాదు. నేను ఆ పలకను గుర్తుపట్టాను. అది బెంచీకి వీపు ఆనే పలక. దాని మీద ఎన్నో ఏళ్ళు ఆడవాళ్ళ జడలు ఆనాయి, ప్రార్థన సాగుతుంటే నిద్రపోయిన పిల్లల తలలు ఆనాయి. కొబ్బరినూనె. మా అమ్మ తల కూడా ఆ వరసల్లో ఎక్కడో ఆనే ఉంటుంది.

చిత్రిక పట్టించి, ఎమరీతో రుద్ది, థిన్నర్‌తో తుడిచి, సీలర్ కొట్టాక కూడా ఆ నూనె పైకి వచ్చింది. రంగంతా తీసేసి, మళ్ళీ తుడిచి, చపడా కొట్టి నూనెకు అడ్డుకట్ట వేస్తే గానీ నిలవలేదు.

తర్వాతిది తేమ. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూతలోని వేడిని తీసుకుపోతుంది, పూత చుట్టూ ఉన్న గాలికంటే చల్లబడుతుంది. సముద్రం పక్కన గాలిలో నీటికి కొదవ లేదు. ఆ నీరు చల్లబడ్డ పూత మీద చేరి, లోపలే చిక్కుకుంటుంది. క్లియర్ కొట్టిన పావుగంటలో నీలం మీద తెల్లటి మసక పరుచుకుంటుంది. నేను ఇది తరగతిలో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. చెప్పగలిగినంత మాత్రాన ఆగదు. రిటార్డర్ కలిపి, పొడిగాలి వీచే మధ్యాహ్నం కోసం చూడాల్సిందే. ఆ మధ్యాహ్నం వస్తే ఉసిళ్ళో, పక్కింటి మేడ మీద మినప్పొట్టు చెరిగే దుమ్మో వస్తుంది. అంచులది ఇంకో బాధ. తడి రంగు అంచు మీద నిలవక వెనక్కి లాక్కుంటుంది, అందువల్ల అక్కడ పూత ఎప్పుడూ పలచన. ఎమరీ పేపరు ఒత్తిడి మాత్రం అక్కడే ఎక్కువ. అన్నీ బాగున్నాయనుకున్న రోజున, 1000 నంబరు కాగితం కింద నీలం జారి చెక్క బయటపడుతుంది.

ఈ పనిలో విసుగు శ్రమ వల్ల రాదు. చేయవలసిందంతా సరిగ్గా చేశాక కూడా చెడిపోతుంది, అక్కడ వస్తుంది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియదు. గాలి మీదా? నేను యోబు గ్రంథం దాకా పోను, చెక్క మీద మచ్చను ఆయన బాధ పక్కన పెట్టడం మర్యాద కాదు. కానీ ఆ షెడ్డులో మాస్కు కింద నేను చేసిన ప్రార్థనలు చాలావరకు ఫిర్యాదులే. అవి కూడా ప్రార్థనలేనని నమ్ముతాను. కీర్తనల గ్రంథంలో చాలా కీర్తనలు అలాంటివే కదా.

ఆ షెడ్డులో కూర్చుని నాకు తెలిసింది ఒకటుంది. రంగు దేన్నీ దాచదు. రంగు పని తెలియనివాళ్ళు, రంగు వేస్తే అన్నీ కప్పబడిపోతాయనుకుంటారు. ఉత్త చెక్క మీద గీత కంటికి ఆనదు, వేలికి కూడా తగలదు. దాని మీద మెరిసే పూత వేసి ట్యూబ్‌లైట్ కింద పట్టుకోండి. లైటు ప్రతిబింబం బాడీ మీద తిన్నగా సాగుతూ సాగుతూ ఒక చోట వంకర పోతుంది. అక్కడ లప్పం దిగింది. ఇంకోచోట సన్నగా వణుకుతుంది. అక్కడ 220 గీతలు పోకముందే 320కి వెళ్ళారు. నునుపు పెరిగేకొద్దీ అడుగున ఉన్నవి బయటపడతాయి. పూత ఆరిన నెల తర్వాత కూడా అది టేకు రంధ్రాల్లోకి కుంగి, పూడ్చిన చోట్లన్నీ మళ్ళీ చూపిస్తుంది. జడల నూనె సంగతి చెప్పనే చెప్పాను.

అది తెలిశాక నాకు వాక్యం వేరేగా వినిపించసాగింది. యెహెజ్కేలు 13వ అధ్యాయంలో దేవుడు మండిపడేది కచ్చా గోడకు గచ్చుపూత పూసినవాళ్ళ మీద. వాన వస్తుంది, వడగళ్ళు పడతాయి, గోడ కూలుతుంది, పూత ఏమైందని అడుగుతారు. అక్కడ నేరం పూత వేయడం కాదు, గోడ గట్టిగా కట్టకుండా పూత వేయడం. యేసుప్రభువు శాస్త్రుల్నీ పరిసయ్యుల్నీ సున్నం కొట్టిన సమాధులతో పోల్చాడు. ఆ సున్నం సంగతి కూడా తెలుసుకోవాలి. పస్కాకు ముందు నెలలో యూదులు సమాధులకు సున్నంతో గుర్తులు పెట్టేవారు, యాత్రికులు తెలియక తాకి మైలపడకుండా. అంటే ఆ తెలుపు మొదట దాపరికం కాదు, ఇక్కడ మరణముంది జాగ్రత్త అనే హెచ్చరిక. అదే తెలుపు అందంగా కనిపించడం మొదలయ్యాక హెచ్చరిక పోయి అలంకారం మిగిలింది.

మా ప్రాంతంలో ఈస్టర్‌కు ముందు మేమూ సమాధులకు వెల్ల వేస్తాం. పండగనాడు తెల్లవారుజామున కొవ్వొత్తులు పట్టుకుని అక్కడికి వెళ్తాం. అమ్మ సమాధికి వెల్ల వేసేటప్పుడు మత్తయి 23వ అధ్యాయం గుర్తొచ్చి ఒకప్పుడు చేయి ఆగేది. ఇప్పుడు ఆగదు. లోపల ఏముందో నాకు తెలుసు, చూసేవాళ్ళందరికీ తెలుసు. ఆ వెల్ల ఎవర్నీ మోసం చేయడం లేదు.

దీనికి పూర్తిగా ఎదురైన మోసం ఒకటి గిటార్ల లోకంలోనే ఉంది. రోరీ గాలఖర్ అనే ఐర్లండ్ వాద్యకారుడి దగ్గర 1961 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్ ఉండేది. 1963లో కార్క్ నగరంలో కొన్నాడు, జీవితాంతం దాన్నే వాయించాడు. దాని రంగు దాదాపుగా ఊడిపోయింది, చెక్క బయటపడింది. అది అతని చెమట, అతని చేయి. 1995 నుంచి ఫెండర్ కంపెనీయే కొత్త గిటార్లను గీకి, గంట్లు పెట్టి, పాతవిగా చేసి అమ్ముతోంది. వాటికి ధర కూడా ఎక్కువే. మా యూత్ అబ్బాయి ఫోన్‌లో అలాంటివి చూపించి, "టీచర్, మనం కూడా అంచుల్లో కాస్త గీకేద్దామా? చాలా వాయించినట్టు కనిపిస్తుంది" అన్నాడు. అంచుల్లో పూత పోతుంటే నేను పడ్డ యాతన చూసే అడిగి ఉంటాడు. నేను అతనికి మత్తయి 6వ అధ్యాయం తీసి ఇచ్చాను. ఉపవాసం ఉన్నామని మనుషులకు తెలియాలని ముఖాలు వికారం చేసుకునేవాళ్ళ సంగతి అందులో ఉంది. వాళ్ళకు ప్రభువు చెప్పిన మందు ఏమిటి? పైరూపాన్ని వదిలేయమనలేదు. తలకు నూనె రాసుకోమన్నాడు, ముఖం కడుక్కోమన్నాడు. పడని శ్రమను పైన చూపించడం కూడా సున్నమే, రంగు మాత్రం వేరు. అబ్బాయి చదివి, కాసేపు ఊరుకుని, "అయితే నేనే అరగదీస్తాను టీచర్" అన్నాడు. అంతకంటే మంచి జవాబు నేను ఆశించలేదు.

ఇక లోపలివైపు. గిటార్ బాడీలో పికప్‌లకూ వైర్లకూ గుంటలు తొలుస్తారు. వాటి మీద ప్లేట్లు వస్తాయి, ఎవరికీ కనిపించవు. వాటికి సీలర్ ఎందుకని నేను వదిలేయబోతుంటే మేస్త్రి గారు ఒప్పుకోలేదు. "ఒకేపే పూస్తే చెక్క వంగిపోద్దండి" అన్నారు. తలుపుల పని చేసిన ప్రతి మేస్త్రికీ తెలిసిన సంగతే. చెక్క ఎప్పుడూ గాలిలోని తేమను పీలుస్తూ వదులుతూ ఉంటుంది. ఒక ముఖాన్ని మూసి రెండోది వదిలేస్తే, మూసినవైపు కదలదు, వదిలినవైపు ఉబ్బుతుంది, పలక వంగుతుంది. రెండువైపులా పూస్తేనే తిన్నగా నిలుస్తుంది.

మందసానికి కారణం ఇదేనని నేను వాదించను. మందసాన్ని చేసిన బెసలేలు ఏం ఆలోచించాడో మనకు రాసి లేదు. కానీ నిర్గమకాండం 31వ అధ్యాయంలో దేవుడు తన ఆత్మతో నింపానని చెప్పింది ఈ బెసలేలునే, చెక్కనూ లోహాన్నీ రాతినీ మలిచే పనివాణ్ణి. అంతకుముందు ఆ గ్రంథంలో అలాంటి మాట ఏ ప్రవక్త గురించీ రాలేదు. పలక స్వభావం అతనికి తెలియదనుకోను. లోపలి పూత చూసేవాడికోసం అనుకున్నంతకాలం నా ప్రశ్నకు జవాబు దొరకలేదు. దేవుణ్ణి కూడా చూసేవాళ్ళ వరసలోనే కూర్చోబెట్టాను. అది చెక్కకోసం కూడా కావచ్చని మేస్త్రి గారి మాటతో తోచింది. పైకి పూసుకుని లోపల వదిలేసిన మనిషిని దేవుడు వద్దనడం, చూసి అసహ్యించుకోవడం వల్లనే కాకపోవచ్చు. ఆ మనిషి వంగిపోతాడని కూడా కావచ్చు.

ఒక్క చోట మాత్రం నేను ఏ పూతా వేయలేదు. మెడ వచ్చి బాడీలో కూర్చునే గుంట. నాలుగు స్క్రూలతో అక్కడ చెక్కకు చెక్క బిగుస్తుంది. పూత పడితే మందం పెరిగి మెడ సరిగ్గా కూర్చోదు, తీగల ఎత్తు మారిపోతుంది. అందుకే మొదటినుంచీ ఆ గుంటకు టేపు వేసి ఉంచాను. టేపు తీశాక నీలం మధ్య ఆ బెంచీ చెక్క, తన రంగులోనే ఉంది. అదే నిర్గమకాండంలో 20వ అధ్యాయం చివర, రాళ్ళతో బలిపీఠం కడితే చెక్కిన రాళ్ళతో కట్టవద్దనీ పనిముట్టు తగిలితే అది అపవిత్రమనీ ఉంది. ఇంతకాలం ఆ ఆజ్ఞకూ గుడారపు శిల్పానికీ నాకు పొత్తు కుదరలేదు. ఇప్పుడూ పూర్తిగా కుదిరిందని చెప్పను. కానీ రెండు కలిసే చోట పనితనం అడ్డం రాకూడదన్న సంగతి స్క్రూ బిగిస్తున్నప్పుడు చేతికి తెలిసింది.

ఇదంతా అయ్యగారికి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. విని, "లోపలా వెలుపలా బంగారం పొదిగిన ఆ మందసమే ఫిలిష్తీయుల చేతికి పోయింది కదమ్మా" అన్నారు. నిజమే. సమూయేలు మొదటి గ్రంథం 4వ అధ్యాయంలో ఉంది. నేను ఆయనతో అన్నదేమంటే, అది పోయింది పూతలో లోపం వల్ల కాదండీ, ఇది వెంట ఉంటే గెలుస్తామని దాన్ని యుద్ధానికి మోసుకుపోయినవాళ్ళ వల్ల. ఆయన తల ఊపి, "అయితే ఈ గిటార్‌ని కూడా ఎవరూ అలా మోయకుండా చూసుకోండి" అన్నారు.

ఆ మాట నాకు ఆజ్ఞే. ఈస్టర్ ఆరాధనలో అబ్బాయి మొదటిసారి ఆ గిటార్ పట్టుకున్నప్పుడు, ఇది పాత చర్చి బెంచీ నుంచి చేసిందని మైకులో చెప్పి సాక్ష్యంగా ప్రకటిద్దామని యూత్ పిల్లలు ముచ్చటపడ్డారు. వద్దన్నాను. బెంచీ ఇచ్చిన పెద్దలకు తెలుసు, మేస్త్రి గారికి తెలుసు. అడిగినవాళ్ళకు అబ్బాయే చెప్తాడు. ఆ రోజు ప్రకటించాల్సిన సంగతి వేరే ఉంది, పాట దానికోసమే.